పాత కారులో కిలోమీటర్ల డిస్‌ప్లే పోతే ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా

పాత కారు మీటర్‌లో కిలోమీటర్ల అంకెలు మసకబారినా, సగం గీతలే కనిపిస్తున్నా, పొద్దున బాగుండి ఎండెక్కేసరికి మాయమైపోతున్నా, షాపుకి తీసుకెళ్తే చాలావరకు ఒకటే మాట వినిపిస్తుంది, మీటర్ మొత్తం మార్చేయాలండీ అని. ఆ మోడల్‌కి కొత్త మీటర్ దొరకడమే కష్టం, దొరికినా ఆ రేటు వింటే పాత బండికి ఇంత పెట్టాలా అనిపిస్తుంది, ఇంక మిగిలిన దారి స్క్రాప్ షాపు నుంచి వేరే కారుది తెచ్చి తగిలించడం, అలా చేస్తే ఎవరిదో కారు తిరిగిన కిలోమీటర్లు వచ్చి మన లెక్కలో పడతాయి. చాలాసార్లు ఇదంతా అవసరమే లేదు, నా బాధంతా అదే. నేను విప్పి చూసిన మీటర్లలో ఎక్కువ వాటికి డిస్‌ప్లే అద్దం శుభ్రంగానే ఉంది, పోయిందల్లా ఆ అద్దానికీ కింద బోర్డుకీ మధ్య కనెక్షన్, లేదంటే వెనక బల్బు, లేదంటే అద్దం మీద అంటించిన ఫిల్మ్. ఈ మూడూ ఓపిక ఉంటే ఇంట్లో టేబుల్ మీద కూర్చుని సరిచేసుకోగలిగేవే.

రీడింగ్ కనపడకపోతే ఏమైంది, బండి నడుస్తోంది కదా అని వదిలేసేవాళ్లు చాలామందే ఉన్నారు, దయచేసి అలా వదలకండి. ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలో కిలోమీటర్ల లెక్క మీదే తెలుస్తుంది, టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజిన్ అయితే ఇంకా జాగ్రత్త, కంపెనీ చెప్పిన కిలోమీటర్లు దాటిపోయి బెల్ట్ తెగితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు వెళ్లి వాల్వులకి కొట్టుకుంటాయి, ఆ ఖర్చు ముందు ఈ రిపేరు ఖర్చు ఏమూలకీ రాదు. 15 ఏళ్లు నిండి ఆర్‌సీ రెన్యువల్ చేయించుకుని ఇంకో 5 ఏళ్లు నడుపుదాం అనుకునే కార్లకి ఈ లెక్క మరీ ముఖ్యం.

నేను ఇక్కడ చెప్పేది ముఖ్యంగా 2000 తర్వాత మన దగ్గర తిరిగిన చిన్న కార్ల గురించి, అంటే స్పీడ్‌కి ముల్లు ఉండి దాని కింద చిన్న ఎల్‌సీడీ కిటికీలో కిలోమీటర్లూ ట్రిప్పూ చూపించే రకం. పచ్చగా వెలిగే ఇంకో రకం డిస్‌ప్లే కూడా ఉంది, దాని గురించి తర్వాత చెప్తాను.

విప్పకముందు చూడాల్సినవి

స్క్రూడ్రైవర్ పట్టుకోకముందు అరగంట కూర్చుని రోగం ఏంటో తేల్చుకోండి, సగం పని అక్కడే అయిపోతుంది.

మొట్టమొదట, అంకెలు కనపడట్లేదా లేక అంకెలు కదలట్లేదా? రెండూ వేరు వేరు జబ్బులు. రీడింగ్ చక్కగా కనిపిస్తోంది కానీ ఎంత తిరిగినా పెరగట్లేదు, స్పీడ్ ముల్లు కూడా లేవట్లేదు అంటే డిస్‌ప్లేకి సంబంధమే లేదు, గేర్‌బాక్స్ మీద ఉండే స్పీడ్ సెన్సార్ గానీ దాని వైరింగ్ గానీ లోపల ప్లాస్టిక్ పళ్ల చక్రం గానీ పోయినట్టు. అలాంటప్పుడు మీటర్ విప్పడం దండగ, కారు కింద నుంచి చూసుకోవాలి.

తర్వాత డిమ్మర్. చాలా కార్లలో హెడ్‌లైట్ వెయ్యగానే మీటర్ వెలుతురు తగ్గుతుంది, ఎంత తగ్గాలో సెట్ చేసుకోడానికి స్టీరింగ్ పక్కన చిన్న చక్రమో బటనో ఉంటుంది. పిల్లలో, కారు కడిగినవాళ్లో దాన్ని తిప్పేసి ఉంటారు, మనం డిస్‌ప్లే పోయింది అనుకుంటాం. దాన్ని ఒకసారి చివరిదాకా తిప్పి చూడండి. ఫ్యూజ్ బాక్స్ మూత వెనక ఉన్న బొమ్మలో మీటర్ అని రాసి ఉన్న ఫ్యూజ్ కూడా చూడండి, మీటర్‌కి కొన్ని కార్లలో రెండు ఫ్యూజులు ఉంటాయి, ఒకటి తాళం తిప్పితే వచ్చే కరెంటుకి, ఇంకోటి ఎప్పుడూ ఉండే బ్యాటరీ కరెంటుకి. రెండోది పోతే ట్రిప్ రీడింగ్ తాళం తీసిన ప్రతిసారీ సున్నా అయిపోవడం లాంటి వింతలు కనిపిస్తాయి.

ఇప్పుడు టార్చ్ టెస్ట్, ఇది నాకు బాగా నమ్మకమైన పరీక్ష. తాళం ఆన్‌లో పెట్టి, చీకట్లో ఫోన్ టార్చ్‌ని డిస్‌ప్లే కిటికీ మీదకి పక్క నుంచి ఏటవాలుగా వెయ్యండి. అంకెలు లీలగా కనిపించాయా, అయితే ఎల్‌సీడీ, దాని కనెక్షన్లు బాగున్నాయి, వెనక బల్బు పోయింది, ఇది అన్నిటికన్నా తేలికైన రిపేరు. టార్చ్ వేసినా ఏమీ లేకపోతే కనెక్షనో కరెంటో ఫిల్మో అనుకోవాలి.

తర్వాత మీటర్ పైన ఉండే నల్ల తొడుగు మీద వేళ్లతో నెమ్మదిగా కొట్టి చూడండి. కొడితే వచ్చి, గతుకుల్లో పోతుంటే అది డ్రై సోల్డరే, అంటే బోర్డు మీద లెడ్ అతుకు పగిలి ఉంది. చలికాలం పొద్దున లేకుండా బండి కాస్త వేడెక్కాక వచ్చినా, దానికి ఉల్టా జరిగినా కూడా అదే అనుమానం, ఎందుకంటే వేడికి బోర్డు కొద్దిగా సాగుతుంది, ఆ సాగడంలో పగిలిన అతుకు ఒక్కోసారి కలుస్తుంది ఒక్కోసారి విడిపోతుంది. అయితే ఒక్క విషయం గుర్తుంచుకోండి, తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద నల్ల అంకెలు ఉండే డిస్‌ప్లే అయితే, మే నెల ఎండలో అద్దాలన్నీ మూసి పెట్టిన కారు డోర్ తియ్యగానే కిటికీ మొత్తం నల్లగా కనిపించి ఏసీ వేశాక మామూలైపోతే అది రిపేరు చెయ్యాల్సిన విషయం కాదు. ఎల్‌సీడీ లోపలి ద్రవం ఒక వేడి దాటితే తన గుణం వదిలేస్తుంది, చల్లారితే మళ్లీ తెచ్చుకుంటుంది. రెంటచింతల వైపు, రామగుండం వైపు ఎండాకాలం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి డాష్‌బోర్డు ఎంత కాలుతుందో చెప్పక్కర్లేదు, నేరుగా ఎండ పడితే 70 డిగ్రీలు దాటిపోతుంది. ఒక పెద్ద సన్‌షేడ్ కొని ముందు అద్దానికి పెట్టుకోండి, మీటర్ ఆయుష్షు పెరుగుతుంది.

గీతలు పోయిన తీరు కూడా చాలా చెప్తుంది. ఒక్కో అంకెలో 7 గీతలు ఉంటాయి కదా, అన్ని అంకెల్లోనూ ఒకే చోట గీత లేకపోతే, ఉదాహరణకి ప్రతి అంకెకీ నడుం గీత లేకపోతే, ఆ గీతలన్నిటికీ కలిపి ఉండే ఒకే ఒక్క కామన్ లైన్ తెగినట్టు. అలా కాకుండా ఒక్క అంకెలోనే రెండు మూడు గీతలు లేవంటే ఆ అంకెకి వెళ్లే సెగ్మెంట్ లైన్ తెగినట్టు. బోర్డు విప్పాక ఎక్కడ వెతకాలో దీన్నిబట్టి తెలుస్తుంది, అందుకే ముందే ఫోటో తీసి పెట్టుకోండి. ఇంకో సంగతి, గీత పోయిన అంకెని నమ్మకండి. నడుం గీత లేని 8 అచ్చం 0 లాగే ఉంటుంది, కుడి పై గీత పోతే 6 అవుతుంది, పై గీత పోయిన 7 ని చూసి 1 అనుకుంటాం. చాలా మోడల్స్‌లో ట్రిప్ బటన్ నొక్కి పట్టుకుని తాళం ఆన్ చేస్తే మీటర్ తనని తాను టెస్ట్ చేసుకుంటూ గీతలన్నీ ఒకేసారి వెలిగిస్తుంది, మీ కారులో అది ఉంటే ఏ గీత లేదో స్పష్టంగా దొరికిపోతుంది.

మల్టీమీటర్ ఉంటే బ్యాటరీ కూడా చూడండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులకి అటూ ఇటూ, స్టార్ట్ చేశాక 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. డిస్‌ప్లే వణకడం, ఇండికేటర్ వేస్తే అంకెలు మసకబారడం లాంటివి ఉంటే డాష్‌బోర్డు కింద బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు తుప్పు పట్టి ఉంటుంది, దాన్ని విప్పి గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే సరిపోయిన కార్లు ఉన్నాయి.

డిస్‌ప్లేలో సిరా ఒలికినట్టు నల్ల మరక ఉండి అది రోజురోజుకీ పెరుగుతుంటే మాత్రం అద్దమే చిట్లింది, లోపలి ద్రవం పాకుతోంది, దానికి రిపేరు లేదు. ఆ అద్దం మార్చాల్సిందే.

మీటర్ బయటకి తియ్యడం

ముందు ఇప్పుడు కనిపిస్తున్న రీడింగ్ ఫోటో తీసుకోండి, అసలేమీ కనపడకపోతే ఆఖరి సర్వీసు బిల్లు వెతికి పక్కన పెట్టుకోండి. తాళం తీసేసి, 10 నంబర్ పానాతో బ్యాటరీ నెగటివ్ వైరు తీసి పక్కకి పెట్టండి, మ్యూజిక్ సిస్టమ్‌కి కోడ్ అడిగే కారైతే ఆ కోడ్ దగ్గరుందో లేదో ముందే చూసుకోండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే వైరు తీశాక కొన్ని నిమిషాలు ఆగండి. మీటర్ కోసం ఎయిర్‌బ్యాగ్ ముట్టుకోవాల్సిన పని లేదు, ముట్టుకోకండి కూడా.

స్టీరింగ్ కిందకి దిగేదైతే పూర్తిగా దించేయండి. మీటర్ చుట్టూ ఉన్న తొడుగుకి పై అంచు లోపల రెండు స్టార్ స్క్రూలు ఉండటం మామూలే, కింద నుంచి తల వంచి చూస్తే కనిపిస్తాయి. అవి తీశాక తొడుగు క్లిప్పుల మీద ఉంటుంది, పాత ప్లాస్టిక్ ఎండకి పెళుసుబారి ఉంటుంది కాబట్టి ఒక్కసారిగా లాగకుండా నాలుగు మూలలూ కొద్దికొద్దిగా వదులు చేసుకుంటూ రండి. లోపల మీటర్ మూడో నాలుగో స్క్రూలతో ఉంటుంది. ముందుకి వంచితే వెనక కనెక్టర్లు, ఒక్కోదానికి నొక్కే లాక్ ఉంటుంది, అది నొక్కకుండా వైర్లు పట్టి లాగితే పిన్నులు ఊడొస్తాయి. కనెక్టర్లు ఊడదీసి ఉన్నంతసేపూ తాళం ఆన్ చెయ్యకండి, కొన్ని కార్లలో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి మళ్లీ స్కానర్ పెడితే గానీ పోదు, దొంగ తాళానికి ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఆపే ఇమ్మొబిలైజర్ మీటర్‌లోనే ఉన్న కార్లూ ఉన్నాయి.

బల్బే పోయిందని తేలితే మీటర్ ఇంకా విప్పక్కర్లేదు. వెనక నుంచి చూస్తే గుండ్రటి ప్లాస్టిక్ హోల్డర్లు ఉంటాయి, పావు చుట్టు ఎడమకి తిప్పితే బల్బుతో సహా వస్తాయి. ఎన్ని వాట్లు ఉందో అంతే వెయ్యండి, ఎక్కువ వెలుతురు కోసం పెద్దది వేస్తే హోల్డరూ దాని చుట్టూ ప్లాస్టిక్కూ కరిగిపోతాయి. ఎల్‌ఈడీ బల్బు వేస్తే వెలగకపోతే తిప్పి పెట్టండి, దానికి ప్లస్ మైనస్ ఉంటుంది.

లోపలికి వెళ్దాం

శుభ్రమైన టేబుల్, మంచి లైటు, కింద మెత్తటి గుడ్డ. చేతుల్లో స్టాటిక్ పోవడానికి ముందు ఎర్త్ ఉన్న ఇనుప వస్తువు ఏదైనా ముట్టుకోండి. ముందు గాజులా ఉండే ప్లాస్టిక్ కవర్ క్లిప్పుల మీద వస్తుంది, లోపలి వైపు పొడి గుడ్డతో గట్టిగా తుడవకండి, గీతలు పడిపోతాయి.

ఇక్కడ చాలామంది తొందరపడేది ముళ్ల విషయంలో. బోర్డు దాకా వెళ్లాలంటే కొన్ని మీటర్లలో స్పీడ్ ముల్లు, పెట్రోల్ ముల్లు తియ్యాల్సి వస్తుంది, కానీ వెనక నుంచి బోర్డు తియ్యగలిగితే ముళ్లు అస్సలు ముట్టుకోకండి. తప్పదు అనుకుంటే ముందు ప్రతి ముల్లూ ఎక్కడ ఆగి ఉందో అక్కడ డయల్ మీద మాస్కింగ్ టేప్ ముక్క అంటించి పెన్నుతో గుర్తు పెట్టండి, రెండు ప్లాస్టిక్ స్పూన్లు ముల్లు కింద అటూ ఇటూ పెట్టి సమానంగా పైకి లేపండి. మళ్లీ పెట్టేటప్పుడు సరిగ్గా అదే గుర్తు మీద పెట్టాలి, ఒక్క గీత పక్కకి పడినా స్పీడ్ తప్పు చూపిస్తుంది.

బోర్డు చేతికొచ్చాక ఎల్‌సీడీ దానికి ఎలా కలిసిందో చూడండి. మూడు రకాలు. అద్దం అంచుకి సన్నటి మెటల్ కాళ్లు ఉండి అవి బోర్డులోకి దిగి లెడ్‌తో అతికి ఉండటం ఒకటి, అద్దానికీ బోర్డుకీ మధ్య మెత్తటి రబ్బరు కడ్డీ నొక్కి ఉండటం ఒకటి, పల్చటి రిబ్బన్ అంటించి ఉండటం ఇంకోటి. రిపేరు పద్ధతి దీన్నిబట్టే మారిపోతుంది.

కాళ్ల రకం అయితే అదృష్టం, ఇది తేలిక. మా బాబాయ్ గుంటూరులో వాడే పాత హ్యాచ్‌బ్యాక్‌ది ఇదే రకం, రెండు అంకెలు గతుకు వస్తే మాయం, మళ్లీ గతుకు వస్తే ప్రత్యక్షం. బోర్డు తిప్పి భూతద్దం కింద పెడితే కంటికి అన్ని అతుకులూ మెరుస్తూ బాగానే ఉన్నాయి, కానీ బోర్డుని లైటు కింద నెమ్మదిగా ఏటవాలుగా తిప్పుతుంటే మూడో కాలు చుట్టూ వెంట్రుకంత సన్నటి నల్లటి వలయం, వేలితో కాలు కదిపితే ఆ వలయం లోపల కాలు ఒక్కతే కదులుతోంది, లెడ్ కదలట్లేదు. రింగ్ క్రాక్ అంటే అదే. ఏళ్ల తరబడి వేడి, చలి, కుదుపు కలిసి చేసే పని అది. అలాంటిది ఒక్కటి దొరికితే అదొక్కటే చేసి వదిలెయ్యకండి, ఆ వరసలో కాళ్లన్నీ, వెనక పెద్ద కనెక్టర్ పిన్నులన్నీ, వోల్టేజ్ రెగ్యులేటర్ కాళ్లు కూడా మళ్లీ లెడ్ పెట్టండి, ఎందుకంటే అన్నీ అంతే వయసువి.

సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది చాలు, టెంపరేచర్ పెట్టుకునేదైతే 350 డిగ్రీల దగ్గర. లెడ్ తీగ (టిన్, సీసం కలిసినది) 60/40 గానీ 63/37 గానీ తీసుకోండి, 63/37 అయితే 183 డిగ్రీలకి ఒక్కసారిగా కరిగి ఒక్కసారిగా గడ్డకడుతుంది, కొత్తవాళ్లకి అదే సుళువు. ముందు ఆ అతుకు మీద కొద్దిగా ఫ్లక్స్ పేస్ట్ (లెడ్ బాగా అంటుకోడానికి రాసేది) పెట్టండి, ఐరన్ మొన కాలికీ బోర్డు మీద రాగి గుండ్రానికీ ఒకేసారి తగిలేలా ఆనించి, కొద్దిగా కొత్త లెడ్ అందించి, పాతదీ కొత్తదీ కలిసి నీళ్లలా పారగానే తీసెయ్యండి, రెండు మూడు సెకన్లకి మించి ఉంచొద్దు. ఎక్కువసేపు ఉంచితే రాగి గుండ్రం బోర్డు నుంచి లేచిపోతుంది. ఎల్‌సీడీ కాళ్లకి మరీ జాగ్రత్త, ఆ వేడి కాలు గుండా అద్దం దాకా వెళ్తుంది, ఒక కాలు చేశాక పక్కది కాకుండా దూరంగా ఉన్న ఇంకో కాలు చెయ్యండి. పక్క పక్క కాళ్లు లెడ్‌తో కలిసిపోతే డీసోల్డరింగ్ విక్ (కరిగిన లెడ్‌ని పీల్చుకునే రాగి అల్లిక) పెట్టి తీసెయ్యొచ్చు. అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (ఐపీఏ) పాత టూత్‌బ్రష్‌కి తడిపి ఫ్లక్స్ జిడ్డు కడిగెయ్యండి. లెడ్ పొగ పీల్చకుండా కిటికీ తీసి పెట్టుకోండి, అయ్యాక చేతులు కడుక్కున్నాకే అన్నం ముట్టండి.

రబ్బరు కడ్డీ రకం. దీన్ని జీబ్రా స్ట్రిప్ అంటారు, దగ్గరగా చూస్తే నలుపు చార ఒకటి మామూలు చార ఒకటి వరసగా ఉంటాయి, నల్ల చారలో కరెంటు వెళ్తుంది, పక్క చారలో వెళ్లదు. దీనికి అతుకు అనేదే లేదు, నొక్కుడు మీదే అంతా ఆధారపడి ఉంటుంది, కాబట్టి దుమ్ము చేరినా, ఫ్రేమ్ వదులైనా గీతలు పోతాయి. ఎల్‌సీడీ ఫ్రేమ్ వెనక మెలిపెట్టిన రేకు చెవులు ఉంటాయి, వాటిని ప్లయర్‌తో నిదానంగా తిన్నగా చేసి ఫ్రేమ్ తియ్యండి, మాటిమాటికీ వంచితే విరిగిపోతాయి. రబ్బరు ఏ వైపు ఎలా ఉందో ఫోటో తీసుకుని, దాన్ని ఐపీఏ తడిపిన దూది పుల్లతో తుడవండి, అద్దం అంచు కూడా అలాగే తుడవండి. బోర్డు మీద బంగారు రంగు గీతలైతే మెత్తటి పెన్సిల్ రబ్బరుతో తేలిగ్గా రుద్దొచ్చు, నల్లటి కార్బన్ పూత అయితే రబ్బరు పెట్టకండి, పూత లేచిపోతుంది. అన్నీ ఆరాక వేళ్లతో ముట్టుకోకుండా పెట్టి, ఫ్రేమ్ చెవులు అన్ని వైపులా సమానంగా మెలిపెట్టండి. ఒక వైపు ఎక్కువ బిగిస్తే ఆ వైపు అద్దం చిట్లుతుంది, రెండో వైపు గీతలు రావు. చాలావాటికి ఈ శుభ్రం చెయ్యడంతోనే పని అయిపోతుంది.

రిబ్బన్ రకం నిజంగా కష్టం. బీఎండబ్ల్యూ ఈ39, సాబ్ 9-5 లాంటి కార్లలో పిక్సెల్స్ పోయే జబ్బు ప్రపంచమంతా తెలిసిందే, దానికి కారణం ఈ రిబ్బనే. ఇది లెడ్‌తో కాదు, వేడి చేసి నొక్కితే అంటుకునే జిగురుతో ఉంటుంది, ఆ జిగురు ఎండిపోయి లేస్తుంది. ఐరన్‌కి వెడల్పు మొన పెట్టి, వేడి బాగా తగ్గించి, మధ్యలో పల్చటి సిలికాన్ షీట్ వేసి మెల్లగా నొక్కుకుంటూ వెళ్తే కొన్ని తిరిగి వస్తాయి, కొన్నాళ్లకి మళ్లీ పోవడమూ ఉంది. ఈ రకానికి మాత్రం అచ్చంగా ఈ పనే చేసేవాళ్లకి ఇవ్వమని చెప్తాను, రిబ్బన్ ఒకసారి చిరిగితే ఇంక చేసేదేమీ లేదు.

ఫిల్మ్ కాలిపోతే

గీతలన్నీ ఉన్నాయి కానీ అంకెలు వెలిసిపోయాయి, అద్దం మీద బుడగలు లేచాయి, లేదా ఊదా రంగు మరకలు వచ్చాయి అంటే అద్దానికి అంటించిన పోలరైజర్ ఫిల్మ్ ఎండకి పాడైంది. మన ఎండలకి ఇది మామూలే. అద్దానికి ముందొకటి వెనకొకటి ఉంటాయి, సాధారణంగా ఎండ తగిలే ముందుదే పోతుంది. వెనకది వెండి రంగులో మెరిసే పొరతో కలిపి ఉంటే దాన్ని కదపకండి.

పాత ఫిల్మ్ ఒక మూల బ్లేడ్‌తో కొద్దిగా లేపి, అద్దానికి దాదాపు ఆనించినట్టుగా పడుకోబెట్టి నెమ్మదిగా లాగండి, పైకి లాగితే అద్దం విరుగుతుంది. మిగిలిన జిగురు ఐపీఏతో నానబెట్టి తుడవాలి, ఆ తడి అంచుల నుంచి జీబ్రా రబ్బరు దాకా పోకుండా చూసుకోండి, అసిటోన్ లాంటివి ప్లాస్టిక్‌ని తినేస్తాయి కాబట్టి వద్దు.

ఇప్పుడు కొత్త ఫిల్మ్. అంటించే ముందు మీటర్‌ని కారు కనెక్టర్లకి తగిలించి బ్యాటరీ వైరు పెట్టి తాళం ఆన్ చెయ్యండి. ఫిల్మ్ లేని ఎల్‌సీడీ చూస్తే ఖాళీ గాజు ముక్కలా ఉంటుంది, ఒక్క అంకె కనపడదు. కొత్త ఫిల్మ్ షీట్ చేత్తో దాని మీద పెట్టి గుండ్రంగా తిప్పుతూ ఉండండి, ఒక కోణంలో నల్ల అంకెలు నిక్కచ్చిగా పైకి తేలతాయి, అక్కడి నుంచి ఇంకో 90 డిగ్రీలు తిప్పితే తారుమారై బ్యాక్‌గ్రౌండ్ అంతా నల్లబడి అంకెలు తెల్లగా మెరుస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు అదొక అద్భుతంలా అనిపించింది, ఇప్పటికీ ఆ క్షణం అంటే ఇష్టం. మీ మీటర్‌లో ముందు ఎలా ఉండేదో ఆ కోణం దగ్గర షీట్ మీద మార్కర్‌తో గీత గీసుకుని, ఆ గీత ప్రకారమే ముక్క కత్తిరించండి. షీట్ అంచుకి సమానంగా కత్తిరిస్తే సరిపోతుందిలే అనుకోకండి, చాలా అద్దాలకి 45 డిగ్రీల ఏటవాలు కావాలి. మళ్లీ తాళం తీసి, బ్యాటరీ వైరు తీసి, అంటించే పని మొదలుపెట్టండి. ఒక అంచు ఆనించి ఏటీఎం కార్డు లాంటిదానికి మెత్తటి గుడ్డ చుట్టి గాలి బయటకి నెట్టుకుంటూ వెళ్లండి.

ఫిల్మ్, సోల్డర్ సామాను హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో అడగండి, విజయవాడ, విశాఖ వాళ్లకి పాత మీటర్లు, హోల్డర్లు, కనెక్టర్ల కోసం ఆటోనగర్ ఉండనే ఉంది. పోలరైజర్ షీట్ షాపులో లేకపోతే ఆన్‌లైన్‌లో వస్తుంది.

పచ్చగా వెలిగే రకం

నీలం పచ్చ కలిసిన రంగులో దానంతట అదే వెలిగే డిస్‌ప్లే వేరు, దాన్ని వీఎఫ్‌డీ అంటారు, లోపల ఫిలమెంట్ ఉంటుంది, 12 వోల్టుల నుంచి ఎక్కువ వోల్టేజ్ తయారుచేసే చిన్న సర్క్యూట్ దానికి తోడు ఉంటుంది. అది మొత్తం ఆరిపోతే ముందు ఆ సర్క్యూట్‌లో కెపాసిటర్లు అనుమానించండి, పైభాగం ఉబ్బినా, కింద జిడ్డు కారినా మార్చేయండి. అదే మైక్రోఫారడ్ విలువ, అంతే వోల్టేజ్ లేదా ఎక్కువది, 105 డిగ్రీల రకం తీసుకోండి, ఒంటి మీద చార ఉన్న వైపు మైనస్, తిప్పి పెడితే పేలుతుంది. అమెరికాలో మనవాళ్లు సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా కొనే 2004-2009 టొయోటా ప్రియస్‌లో మీటర్ మొత్తం నల్లబడిపోయే సమస్య బాగా పేరున్నదే, అది కూడా చాలావరకు లోపలి కరెంటు సర్క్యూట్ జబ్బే. క్రైస్లర్, జీప్ పాత బండ్లలో కిలోమీటర్ల చోట "నో బస్" అని వస్తే మాత్రం డిస్‌ప్లేని అనకండి, అది మీటర్‌కి మిగతా కంప్యూటర్లతో మాట అందట్లేదని చెప్తోంది, వైరింగ్ చూసుకోవాలి.

అంకె మారకూడదు

అద్దం చిట్లి వేరే మీటర్ తేవాల్సొస్తే, ముందు ఆలోచించాల్సింది ఆ మీటర్ నుంచి ఎల్‌సీడీ ఒక్కటే తీసి మన బోర్డుకి పెట్టడం. కిలోమీటర్ల లెక్క ఉండేది అద్దంలో కాదు, బోర్డు మీద 8 కాళ్ల చిన్న మెమరీ చిప్‌లో, 93సీ46, 93సీ56, 24సీ02 లాంటి పేర్లు దాని మీద కనిపిస్తాయి, కొన్నిటిలో ప్రధాన చిప్ లోపలే ఉంటుంది. బోర్డే పోయి మొత్తం మార్చాల్సొస్తే, రెండు మీటర్ల పార్ట్ నంబర్ అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయితే మన చిప్ తీసి కొత్త బోర్డుకి పెట్టించుకుంటే మన లెక్క మనకి వస్తుంది. ఇది చెయ్యి తిరిగినవాళ్లతో చేయించండి, కాళ్లు సన్నం.

చిప్ మార్చే ఆ షాపులో "అన్నా, రీడింగ్ ఎంత పెట్టమంటావు" అని అడుగుతారు, కొందరు 40 వేల కిలోమీటర్లు తగ్గిస్తే మంచి రేటొస్తుంది అని సలహా కూడా ఇస్తారు. ఒప్పుకోకండి. తగ్గించిన రీడింగ్ చూసి కొనుక్కున్న మనిషి టైమింగ్ బెల్ట్‌కి ఇంకా టైముంది అనుకుని హైవే ఎక్కుతాడు. అలా అమ్మడం మోసం కిందకి వస్తుంది, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్ మోసానిదే. రిపేరు తేదీ, ముందున్న రీడింగ్, తర్వాత రీడింగ్ రాసి ఉన్న బిల్లు తీసుకుని ఫైల్‌లో పెట్టండి, కారు అమ్మేటప్పుడు అదే మీకు బలం.

అమెరికాలో ఉన్నవాళ్లకి దీని మీద ఫెడరల్ చట్టమే ఉంది. రిపేరు తర్వాత రీడింగ్ ముందున్నట్టే ఉండాలి, అలా కుదరకపోతే సున్నా దగ్గర పెట్టి, ముందు ఎన్ని మైళ్లు ఉన్నాయో, ఏ తేదీన రిపేరు చేశారో రాసిన నోటీసు ఎడమ డోర్ ఫ్రేమ్‌కి అంటించాలి. 2011 మోడల్ నుంచి కార్లకి 20 ఏళ్ల పాటు చేతులు మారినప్పుడల్లా రీడింగ్ రాసివ్వడం తప్పనిసరి కూడా.

తిరిగి బిగించేముందు

కవర్, స్క్రూలు అన్నీ పెట్టెయ్యకముందే కనెక్టర్లు తగిలించి, బ్యాటరీ వైరు పెట్టి, తాళం ఆన్ చేసి చూడండి. అన్ని గీతలూ వచ్చాయా, మీ ఫోటోలో ఉన్న రీడింగే ఉందా, హెడ్‌లైట్ వేస్తే వెలుతురు సరిగ్గా మారుతోందా, ఆయిల్, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక లైట్లు వెలిగి మామూలుగా ఆరుతున్నాయా, ఇంజిన్ వేడి ముల్లు, పెట్రోల్ ముల్లు పాత చోటికే వచ్చాయా. ముళ్లు తీసి పెట్టి ఉంటే ఫోన్‌లో జీపీఎస్ స్పీడ్ పెట్టి పక్క సీట్లో ఎవరినైనా చూడమని చెప్పి 40 దగ్గర, 60 దగ్గర పోల్చండి, మీటర్ కొద్దిగా ఎక్కువ చూపించడం మామూలే, తక్కువ చూపిస్తే మాత్రం ముల్లు మళ్లీ సరిచెయ్యాలి. హైవే దగ్గర్లో ఉంటే ట్రిప్ సున్నా చేసి కిలోమీటర్ రాళ్లు చూసుకుంటూ ఒక 10 కిలోమీటర్లు వెళ్లండి, లెక్క కూడా తేలిపోతుంది.

మీటర్‌ని పట్టి ఉంచే స్క్రూలు బిగించేయండి కానీ పైన తొడుగు స్క్రూలు రెండూ ఇప్పుడే గట్టిగా బిగించొద్దు. రెండు మూడు రోజులు గతుకుల రోడ్డులో తిప్పి, ఒక మధ్యాహ్నం ఎండలో పెట్టి, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు కూడా ఒకసారి తాళం తిప్పి చూడండి. మూడు పూటలా అంకెలు నిలబడితే అప్పుడు ఆ రెండు స్క్రూలూ బిగించండి, ఎక్కడైనా ఒక గీత మళ్లీ పోతే ఏ పూట, ఏ గీత పోయిందో రాసుకుని బోర్డు మీద దాని లైన్ దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి.